బిళ్ళ వేసి ఆడే పాత ఆటలలో హింస: అది ఎవరి కోసం?



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, నేను ఏ శాసనాల గురించో, పాతకాలపు జమాబందీ గురించో వ్రాస్తానని అనుకొని ఉంటారు. నేను ఎన్నుకున్న విషయం విని ఒకరిద్దరు మిత్రులు నవ్వారు. వీడియో గేములకు చరిత్ర ఏమిటి, డెబ్భై దాటినవాడికి వాటితో పనేమిటి అన్నారు. పని ఉన్నది. మన నెలవారీ సమావేశంలో డి.ఆర్. బకాయిలు, వైద్య బిల్లుల మాట అయిపోయిన తరువాత మిగిలేది మనుమల మాటే. "మావాడి ఫోనులో ఎప్పుడు చూసినా కాల్చుకోవడం, నరుక్కోవడమేనండీ" అని ఒకరు మొదలుపెడతారు. తక్కినవారు తలలూపుతారు. కాలం చెడిపోయిందని ఏకగ్రీవంగా తీర్మానించి టీ త్రాగి లేస్తాము.

ఈ గొడవ నిన్న మొన్నటిది కాదని, దీనికి యాభై ఏళ్ళ దస్త్రం ఉన్నదని మనవి చేయడానికే ఈ వ్యాసం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడేళ్ళు తపాలు సెక్షనులో పనిచేశాను. ఏ కాగితం వచ్చినా, అందులో ఏమున్నదని చూడబోయే ముందు అది ఎవరి పేరిట వచ్చిందో చూసి రిజిస్టరులో ఎక్కించాలి. ఆ అలవాటు ఇంకా పోలేదు. అందుచేత ఈ ఆటలు మంచివా, చెడ్డవా అన్న ప్రశ్న కంటె ముందు, ఇవి ఎవరి కోసం తయారైనవి అన్న ప్రశ్న వేసుకొని ఆ దస్త్రం తిరగవేశాను.

నాణెం వేస్తే ఉరితీత

బిళ్ళ వేసి ఆడే యంత్రాలను వరుసగా పెట్టిన చోటును అమెరికావారు ఆర్కేడ్ అంటారు. మన ఊళ్ళలో దానినే వీడియో గేమ్ పార్లర్ అన్నారు. టెలివిజను పుట్టకముందే ఆర్కేడ్లు ఉండేవి. ఇంగ్లండులో సముద్రతీరపు విహారస్థలాలలో, నూరేళ్ళ పైబడిన కాలంలో, గాజు పెట్టెలలో బొమ్మలు పెట్టిన యంత్రాలు ఉండేవి. నాణెం వేయగానే చిన్న తలుపులు తెరుచుకుంటాయి. లోపల ఉరికంబం. పక్కన పాదిరి బొమ్మ. నేరస్థుని కాళ్ళ క్రింది పలక జారుతుంది. తలుపులు మూసుకుంటాయి. అంతే, నాణేనికి సరిపోయింది.

ఇటువంటి యంత్రాలు శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో మ్యూజీ మెకానిక్ అనే ప్రదర్శనశాలలో ఇప్పటికీ పని చేస్తున్నవి. మా పెద్దబ్బాయి ఉద్యోగరీత్యా ఆ ప్రాంతంలో ఉండగా నేను వెళ్ళి చూశాను. అక్కడ గమనించినది ఒకటే: ఆ యంత్రంలో ఆడేందుకు ఏమీ లేదు. చూడడానికే డబ్బు. విహారానికి వచ్చి ఊరికే తిరిగే జనాన్ని ఒక నిమిషం నిలబెట్టి జేబులో చిల్లర తీయించడం దాని పని. ఈ మాట జ్ఞాపకం పెట్టుకొనవలసినదిగా కోరుతున్నాను. ముందు ముందు అవసరమవుతుంది.

సన్నీవేల్ ఊరి కథ

సన్నీవేల్ అంటే మనలో చాలామందికి తెలిసిన పేరే. కొడుకులో, కోడళ్ళో, అల్లుళ్ళో అక్కడ ఉన్నవారు మన సంఘంలోనే ఉన్నారు. అక్కడి హిందూ దేవాలయంలో కూర్చుంటే తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది. ఈ బిళ్ళ వేసే వీడియో ఆటలకు పుట్టినిల్లని చెప్పదగిన ఊళ్ళలో అది ముఖ్యమైనది.

1972లో అటారీ అనే కంపెనీ తన పాంగ్ అనే ఆటయంత్రాన్ని పరీక్ష కోసం మొట్టమొదట పెట్టినది సన్నీవేల్‌లోని ఆండీ క్యాప్స్ టావెర్న్ అనే మద్యశాలలో. తెరమీద రెండు గీతలు, మధ్య ఒక చుక్క. బంతాట. హింస లేదు. కాని పెట్టిన చోటు చూడండి. సాయంత్రం పని ముగించుకొని వచ్చిన పెద్దవాళ్ళు గ్లాసు చేతిలో పట్టుకొని ఆడే ఆట అది. తొలినాటి యంత్రాలు మద్యశాలలకు, బౌలింగ్ హాళ్ళకు, అటువంటి కాలక్షేపపు చోట్లకు వెళ్ళినవి. కంపెనీ మనసులో ఉన్న ఆటగాడు మీసం వచ్చినవాడే.

అదే సన్నీవేల్‌లో ఎక్సిడీ అనే ఇంకొక కంపెనీ ఉండేది. వారు 1976లో డెత్ రేస్ అనే యంత్రాన్ని విడుదల చేశారు. అంతకుముందు వారికే కార్లు ఒకదానినొకటి గుద్దుకునే ఆట ఒకటి ఉండేది. దానిని మార్చి, కార్లకు బదులు పరుగెత్తే బొమ్మలను పెట్టారు. స్టీరింగు త్రిప్పి బొమ్మను గుద్దితే ఒక కేక వినిపిస్తుంది. ఆ చోట సమాధి గుర్తు లేస్తుంది. పాయింటు వస్తుంది. ఆ బొమ్మలు మనుషులు కావు, 'గ్రెమ్లిన్లు', అనగా ఒక రకం భూతాలు అని కంపెనీవారి సమాధానం. కాని తయారీలో ఉండగా ఆ ఆటకు పెట్టుకున్న పేరు 'పాదచారి' అన్న అర్థం వచ్చే 'పెడెస్ట్రియన్' అని తరువాత బయటపడింది. ఫైలు అట్టమీద ఒక పేరు, లోపల కాగితం మీద ఒక పేరు.

అమెరికాలో రోడ్డు భద్రత కోసం పనిచేసే నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ వారు మండిపడ్డారు. పత్రికలు వ్రాశాయి, టెలివిజనులో వచ్చింది. నిజానికి ఆ తెర నలుపు తెలుపు. బొమ్మ నాలుగు తెల్లగీతలు. మన పిల్లవాడు పలకమీద వ్రాసే మనిషి బొమ్మ ఇంతకన్న నయంగా ఉంటుంది. జనానికి కోపం తెప్పించింది బొమ్మ కాదు, చేతిలోని స్టీరింగు. ప్రతివాడూ ఇంటికి వెళ్ళేటప్పుడు పట్టుకునేది అదే గదా!

ఫలితం ఏమిటంటే, గగ్గోలు లేచిన తరువాత అమ్మకాలు పెరిగాయని ఎక్సిడీ వారే చెప్పుకున్నారు. ఈ కథ ఆ తరువాత అనేక పర్యాయాలు జరిగింది.

మనిషి స్థానంలో భూతం

ఆ రోజులలో తయారీదారులందరూ ఒకే రకం అనుకోవడం న్యాయం కాదు. ట్యాంకునో, ఆకాశనౌకనో పేల్చవచ్చుగాని మనుషులపై హింస చూపరాదని తమ కంపెనీలో ఒక కట్టుబాటు ఉండేదని అటారీ స్థాపకుడు నోలన్ బుష్నెల్ చెప్పారు. జపానులో టైటో కంపెనీలో పనిచేసిన టొమొహిరో నిషికాదో కథ ఇంకా ఆసక్తికరం. 1975లో ఆయన తయారుచేసిన వెస్టర్న్ గన్ అనే ఆటలో ఇద్దరు తుపాకీ వీరులు ఎదురెదురుగా నిలిచి కాల్చుకుంటారు. మూడేళ్ళ తరువాత 1978లో ఆయనే స్పేస్ ఇన్వేడర్స్ చేసినప్పుడు, మనుషుల బొమ్మలను కాల్పించడం తగదన్న అభిప్రాయం అడ్డు రాగా, వాటికి బదులు సముద్రజీవులను పోలిన గ్రహాంతరవాసులను పెట్టారు. ఆ ఆట ప్రపంచమంతా ఆడింది. అంటే చేతిలోని మీట అదే, గుండు అదే. ఎదుట ఎవరిని నిలబెట్టాలన్నది మాత్రం తయారుచేసినవాని ధర్మాధర్మ విచక్షణకు విడిచిపెట్టినది.

ఆర్కేడ్లు చాలావరకు మగపిల్లల అడ్డాలుగా మారాయని జపానులోనే నామ్కో కంపెనీ ఉద్యోగి తోరు ఇవాతాని గ్రహించారు. ఆడవాళ్ళు కూడ రావాలంటే చంపుకోవడం కాక వేరే ఏదైనా ఉండాలని ఆలోచించి తినడం మీద ఒక ఆట చేశారు. 1980లో వచ్చిన ఆ ఆటే ప్యాక్-మాన్. అది కూడ బ్రహ్మాండంగా నడిచింది. హింస లేకపోతే బిళ్ళలు పడవన్న వాదానికి ఇంతకంటె సమాధానం అక్కరలేదు.

మద్యశాల నుంచి బడి పక్కకు

1980 నాటికి యంత్రాలు మద్యశాలలు దాటి బజారులోకి, దుకాణ సముదాయాలలోకి, బళ్ళ దగ్గరకు వచ్చాయి. నాణెం వేసే రంధ్రానికి వయస్సుతో పని లేదు. పిల్లవాడి పావు డాలరుకూ, పెద్దవాడి పావు డాలరుకూ విలువ ఒకటే. ఆటను తలపెట్టినది ఒకరి కోసం, ఆడుతున్నది మరొకరు. పెద్దల భయమంతా ఇక్కడ మొదలైనది.

మొదట్లో ఆ భయం హింస గురించి అంతగా కాదు. బడి ఎగగొడుతున్నారని, డబ్బు తగలేస్తున్నారని, చెడు సావాసాలు పడుతున్నారని. టెక్సాసు రాష్ట్రంలో మెస్కీట్ అనే పట్టణంవారు, 17 ఏళ్ళలోపు పిల్లలు పెద్దలు వెంట లేకుండా ఆర్కేడులో ఆడరాదని నిబంధన చేశారు. ఆ తగాదా 1982లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఫిలిప్పీన్స్‌లో అధ్యక్షుడు మార్కోస్ 1981లో వీడియో ఆట యంత్రాలనే నిషేధించారు. 1982 నవంబరులో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి డాక్టర్ కూప్ ఒక సభలో ఈ ఆటలు పిల్లలకు హాని చేస్తున్నవని అన్నారు. మరునాడే, అది తన స్వంత అభిప్రాయమని, దానికి శాస్త్రీయమైన ఆధారం లేదని వివరణ ఇచ్చుకున్నారు. పెద్ద హోదాలో ఉన్నవారు ఆధారం చేతికి రాకముందే మాట విసరితే తరువాత సవరణ ఉత్తర్వు ఇవ్వవలసి వస్తుందని సర్వీసులో ఉన్నవారెవరికైనా తెలిసినదే.

ఒక హద్దు దాటిన యంత్రం

డెత్ రేస్ చేసిన ఎక్సిడీ వారే 1986లో చిల్లర్ అనే యంత్రం తెచ్చారు. పేరు చూసి మన చిల్లర డబ్బులనుకోకండి, ఒళ్ళు జలదరింపజేసేది అని అర్థం. దీనికి తుపాకీ తగిలించి ఉంటుంది. తెరమీద చిత్రహింసల గది. గోడకు, బల్లలకు కట్టివేయబడిన మనుషులు. వారు ఎదురు తిరగలేరు, పారిపోలేరు. గడువు లోపల వారిని ముక్కలు చేయడమే ఆట. ఇంతకంటె వివరించను.

అమెరికాలో చాలామంది ఆర్కేడ్ యజమానులు దానిని కొనలేదు. చట్టం ఆపలేదు, కోర్టు ఆపలేదు. యంత్రం కంపెనీ అమ్మేది పిల్లవాడికి కాదు, దుకాణదారుకు. దుకాణదారు దానిని తన వాకిట్లో పెట్టుకోవాలి, ఊళ్ళో నలుగురికీ ముఖం చూపించాలి. ఆ బిడియమే ఇక్కడ కాపలా కాసింది.

చంపడం మన పురాణాలలో లేదా అని అడగవచ్చు. కీచకుణ్ణి భీముడు ముద్ద చేస్తాడు. హిరణ్యకశిపుని పొట్టను నరసింహుడు గోళ్ళతో చీలుస్తాడు. తోలుబొమ్మలాటలో తెల్లవారుజామున కీచకవధ వచ్చేసరికి నిద్రపోతున్న పిల్లలను లేపి మరీ చూపించేవారు. కాని అక్కడ చచ్చేవాడు ఎందుకు చస్తున్నాడో పిల్లవాడికి తెలుసు. ద్రౌపది కన్నీరు చూసిన తరువాతనే భీముని పిడికిలి చూస్తాడు. చిల్లర్‌లో బల్లకు కట్టివేయబడినవాడు ఏమి చేశాడో ఎవరూ చెప్పరు. నాకు తేడా అక్కడే కనబడుతుంది. నెత్తురు ఎంత అన్నది రెండవ విషయం.

ఆడేవాడు ఒకడు, చూసేవారు పదిమంది

ఇక అన్నిటికంటె పేరుమోసినది మోర్టల్ కాంబాట్. షికాగోకు చెందిన మిడ్‌వే కంపెనీలో ఎడ్ బూన్, జాన్ టోబయాస్ అనే ఇద్దరు ముఖ్యులుగా నలుగురు కలిసి చేసిన ఆట. 1992లో వచ్చింది. గీసిన బొమ్మలు కాక, నిజం మనుషులను వీడియో తీసి ఆ బొమ్మలనే తెరమీద కొట్టించారు. కాబట్టి డెత్ రేస్ నాటి నాలుగు గీతల సంజాయిషీ ఇక్కడ చెల్లదు. గెలిచినవాడు ఓడినవాడిని ఎలా ముగిస్తాడన్నది దీని ప్రత్యేకత. గుండె పెరకడం, తలను వెన్నెముకతో సహా లాగడం వంటివి. దానికి 'ఫేటాలిటీ' అని పేరు.

ఇక్కడ పాఠకులు ఒక్క సంగతి గమనించాలి. ఆ ఘట్టం వచ్చేసరికి పోటీ అయిపోయింది. గెలుపోటములు తేలిపోయినవి. ఆటలో గెలవడానికి ఆ చివరి దెబ్బ అవసరమే లేదు. మరి ఎవరి కోసం? యంత్రం వెనుక గుమిగూడి నిలబడినవారి కోసం అని నా అభిప్రాయం. దానికి ఏ మీటలు ఏ వరుసలో నొక్కాలో యంత్రం మీది సూచనలలో ఉండదు. తెలిసినవాడిని అడిగి తెలుసుకోవాలి. పదిమంది ముందు చేసి చూపించినవాడు ఆ పూటకు హీరో. చూసినవాడు నేర్చుకోవాలని బిళ్ళ వేస్తాడు. ఉరికంబం యంత్రానికీ దీనికీ నడుమ తొంభై ఏళ్ళున్నా కిటుకు ఒకటే. మన సంతలో గారడీవాడు పిల్లవాడి మెడ కోసినట్లు నటించి, మూట విప్పకముందే పళ్ళెం త్రిప్పేది ఇందుకే.

ఈ గుంపు సంగతి నేను కళ్ళారా చూసినదే. 1990ల నడుమ మా పట్టణంలో బస్టాండు వెనుక గేముల షాపు ఒకటి ఉండేది. రూపాయి బిళ్ళకు ఒక ఆట. మా రెండవవాడు ట్యూషను నుంచి ఆలస్యంగా వస్తున్నాడని ఒకనాడు ఆఫీసు నుంచి వస్తూ అక్కడికి వెళ్ళాను. ఆడుతున్నవారు ముగ్గురు, చూస్తున్నవారు తొమ్మిదిమంది. మావాడు చూసేవారిలో ఉన్నాడు. పిల్లలందరూ దానిని 'ముస్తఫా' ఆట అనేవారు. అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, జపాను కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చినది. అందులోని నలుగురు వీరులలో ఒకడి పేరు ముస్తఫా. మన దేశమంతటా పిల్లలు ఆటకే ఆ పేరు పెట్టేశారు. రాక్షసబల్లులను వేటాడి అమ్ముకునే ముఠాలను తన్నడం దాని కథ. నేనూ వెనుక నిలబడి ఒక పావుగంట చూశాను. "ఆ లావువాడిని ఎందుకు కొడుతున్నారురా?" అని అడిగాను. నలుగురు ఒక్కసారిగా కథ అంతా చెప్పారు. కొట్టడం ఉన్నది, కారణమూ ఉన్నది, పిల్లలకు ఆ కారణం నోటికి వచ్చు. మావాడిని మందలించలేదు. ట్యూషను వేళ దాటరాదని మాత్రం చెప్పాను.

సెనేటులో విచారణ

మళ్ళీ అమెరికాకు వద్దాము. మోర్టల్ కాంబాట్ ఆర్కేడులో ఉన్నంతకాలం గొడవ ఒక స్థాయిలోనే ఉన్నది. 1993 సెప్టెంబరులో అది ఇళ్ళలో టెలివిజనుకు తగిలించుకునే యంత్రాలకు వచ్చింది. నింటెండో కంపెనీ తన యంత్రంలో నెత్తురును బూడిదరంగు చెమటగా మార్పించింది. సెగా కంపెనీ యంత్రంలో ఒక రహస్య సంకేతం నొక్కితే నెత్తురు కనబడుతుంది. సెగాదే ఎక్కువ అమ్ముడుపోయింది. 1993 డిసెంబరు 9న సెనేటర్లు జోసెఫ్ లీబర్‌మన్, హెర్బ్ కోల్ విచారణ జరిపారు. రెండు కంపెనీల ప్రతినిధులు నీతి మాదంటే మాదని సభలోనే వాదులాడుకున్నారు.

ప్రభుత్వం చట్టం చేయకముందే తామే ఏదో ఒకటి చేయడం మేలని పరిశ్రమ గ్రహించింది. 1994లో ఇ.ఎస్.ఆర్.బి. అనే సంస్థను పెట్టి, ఏ ఆట ఏ వయస్సువారికో పెట్టెమీద ముద్రించడం మొదలుపెట్టింది. బిళ్ళ వేసే యంత్రాలకు కూడ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల గుర్తులు అంటించే పద్ధతి వచ్చింది. ఎరుపు అంటే తీవ్రమైనదని. పాంగ్ యంత్రం పుట్టిన ఇరవైరెండేళ్ళకు, కవరు మీద చిరునామా వ్రాయడం మొదలైనదన్నమాట!

తరువాత చట్టాలతో ప్రయత్నాలు జరిగాయి. ఇండియానాపోలిస్ నగరం 2000లో, హింసాత్మకమైన ఆర్కేడ్ ఆటలు 18 ఏళ్ళలోపు పిల్లలు ఆడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని నిబంధన చేసింది. 2001లో అప్పీలు కోర్టు దాని అమలును ఆపింది. హింస సాహిత్యంలో హోమరు నాటి నుంచి ఉన్నదని, పిల్లలను పద్దెనిమిదేళ్ళు గాజుబుడ్డిలో పెంచి ఒక్కసారిగా లోకం మీదికి వదలడం మేలు కాదని తీర్పు వ్రాసిన న్యాయమూర్తి పోస్నర్ భావం. కాలిఫోర్నియా చట్టాన్ని 2011లో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో కొట్టివేసింది. ఆటలు పిల్లలను హింసకు పురికొల్పుతున్నవని చూపిన అధ్యయనాలు కారణాన్ని రుజువు చేయలేదని అన్నది.

గుంపు లేని ఆట

ఈ దస్త్రమంతా చూసిన తరువాత నాకు తోచినది విన్నవిస్తాను. నిషేధించమని కేకలు వేసినప్పుడల్లా సరుకు ఎక్కువ అమ్ముడుపోయింది. దుకాణదారు సిగ్గుపడినప్పుడు, పెట్టెమీద వయస్సు వేసినప్పుడు, కొంత మేలు జరిగింది. ఆర్కేడులో ఎంత ఘోరమైన ఆట అయినా నలుగురి మధ్య, వెలుతురులో జరిగింది. దారిన పోయే తండ్రి చూడగలిగాడు, సేఫ్టీ కౌన్సిలు చూడగలిగింది, చూసి అడగగలిగారు. ఇప్పుడు ఆట మనుమడి అరచేతిలో ఉన్నది, చెవిలో ఇయర్‌ఫోను ఉన్నది. వెనుక గుంపు లేదు. ఆనాటి ఆటలకంటె నేటి ఆటలు ఘోరమైనవని నేను అనను. చూసేవాడు లేకపోవడమే నాకు దిగులు.

ఆ లోటు తీర్చగలవారు ఇంట్లో ఒక్కరే ఉన్నారు. తల్లిదండ్రులకు తీరిక లేదు, మనకు ఉన్నది. పక్కన కూర్చొని పావుగంట చూడండి. కళ్ళజోడు సరిచేసుకొని, "ఇతడు ఎవరు? వాణ్ణి ఎందుకు కొడుతున్నావు?" అని అడగండి. కారణం చెప్పగలిగితే కథ వినండి, మనకూ కాలక్షేపమే. చెప్పలేకపోతే, ఆ ఆట గురించి మాట్లాడవలసిన సమయం వచ్చిందని అర్థం. ఫోను లాక్కోవడం ఆఖరి మెట్టు, మొదటిది కాదు.

ఇంకొకటి. ఫోనులో ఆటలు దింపుకునే ప్లే స్టోరులో ప్రతి ఆట పేరు దగ్గర 3+, 7+, 12+, 16+, 18+ అని చిన్న అంకె ఉంటుంది. అది ఏ వయస్సువారికన్నది ఆ అంకె చెబుతుంది. మన పెన్షను స్లిప్పులో పైసలను కూడ వదలక చూసే మనము ఈ అంకెను చూడకపోవడం సబబు కాదు. వచ్చే నెల సమావేశానికి సభ్యులు తమ ఫోనులు తీసుకొని వస్తే, అది ఎక్కడ ఉంటుందో ఒక్కొక్కరికీ చూపిస్తాను. టీకి ముందు పది నిమిషాలు చాలు.

సెలవు.

— విశ్రాంత సీనియర్ అసిస్టెంటు